ఊరు మారితే గ్రంథాలయం దూరమవ్వాలా?



చంద్రశేఖర వెంకట రామన్ పేరు వినగానే మనకు నోబెల్ బహుమతి, ఫిబ్రవరి 28న జరుపుకునే జాతీయ విజ్ఞాన దినోత్సవం గుర్తుకొస్తాయి. ఆయన కూడా మన అమ్మానాన్నల్లాగే బదిలీల మీద ఊళ్లు మారిన ప్రభుత్వోద్యోగి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తండ్రి విశాఖపట్నంలో కళాశాల అధ్యాపకులు కావడంతో రామన్ బాల్యం, హైస్కూలు చదువు ఆ ఊళ్లోనే సాగాయి. 1907లో ఆయన ప్రభుత్వ ఆర్థిక శాఖలో చేరి కలకత్తాలో ఉద్యోగం మొదలుపెట్టారు. ఆఫీసు వేళలు కాగానే బౌబజార్ వీధిలో ఉన్న ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ప్రయోగాలు చేసుకునేవారు. 1909లో రంగూన్‌కు బదిలీ అయింది. 1910లో నాగపూర్‌కు, 1911లో మళ్లీ కలకత్తాకు. సామాను ఆయన వెంట వెళ్లింది. ఆయన పనికి ఆధారమైన ఆ సంస్థ మాత్రం కలకత్తాలోనే ఉండిపోయింది.

ఆ రోజుల్లో పరిశోధన పత్రికలు కాగితం మీదే వచ్చేవి. కాగితం ఏ ఊళ్లో ఉంటే చదివేవాళ్లు ఆ ఊళ్లో ఉండాలి. ఇప్పుడు పత్రికలు కంప్యూటర్ తెర మీదికి వచ్చేశాయి కాబట్టి ఈ ఇబ్బంది పూర్తిగా పోయి ఉండాలి. కానీ సెలవులకు ఇంటికి వచ్చిన మీ అక్కనో అన్ననో అడిగి చూడండి. నిన్న కాలేజీలో హాయిగా చదివిన వ్యాసం ఇవాళ ఇంట్లో తెరుచుకోదు. మొదటి పేరా మాత్రం చూపించి, మిగతాది చదవాలంటే డబ్బు కట్టమంటుంది. ఒక్క వ్యాసానికి 30 డాలర్లకు పైగా అడిగే ప్రచురణ సంస్థలు కూడా ఉన్నాయి.

వ్యాసం అదే, చదివే మనిషీ అదే. మారింది ఊరు ఒక్కటే. మరి తలుపు ఎందుకు మూసుకుంది? దాన్ని న్యాయంగా తెరిచే దారులేమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం. రెండు మూడేళ్లలో మీరూ కాలేజీలో చేరతారు. మీరు ఒక ఊళ్లో, ఇల్లు మరో ఊళ్లో ఉండడం మన కుటుంబాల్లో మామూలే కాబట్టి ఈ సంగతి మనకు మరీ అవసరం.

జర్నల్ అంటే ఏమిటి?

జర్నల్ అంటే పరిశోధన పత్రిక. కథలు, వార్తలు వచ్చే వారపత్రికలాంటిది కాదు. ఒక శాస్త్రవేత్త కొత్తగా కనుక్కున్న విషయాన్ని వ్యాసంగా రాసి పంపితే, అదే రంగంలో పనిచేసే ఇతర నిపుణులు దాన్ని పరిశీలిస్తారు. లెక్క సరిపోయిందా, ప్రయోగం సక్రమంగా జరిగిందా అని చూసి, సవరణలు చెబుతారు. అది అచ్చుకు తగినదని తేలాకే ప్రచురిస్తారు. లండన్‌లోని రాయల్ సొసైటీ 1665లో మొదలుపెట్టిన ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ ఇలాంటి పత్రికల్లో తొలితరానిది. అది ఇప్పటికీ వెలువడుతోంది.

ఈ పత్రికల్లో చాలావాటికి చందా కట్టాలి. విడివిడిగా మనుషులు కట్టలేనంత ఖరీదు కాబట్టి విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు కడతాయి. ఇక్కడ ఒక తేడా గమనించండి. అచ్చు పత్రికకు చందా కడితే సంచిక గ్రంథాలయం సొంతమయ్యేది. బీరువాలో పెట్టి ఎన్నాళ్లయినా చదివించవచ్చు. ఎలక్ట్రానిక్ పత్రికకు కట్టే చందా చాలావరకు చదివే అనుమతికే. ఎవరు చదవవచ్చు, ఎలా చదవవచ్చు అన్నది గ్రంథాలయానికీ ప్రచురణ సంస్థకూ మధ్య ఒప్పందంలో రాసి ఉంటుంది.

తలుపు దగ్గర ఏం చూస్తారు?

మనం ఉండే క్వార్టర్స్ గేటు తలచుకోండి. కారు అద్దం మీద కాలనీ స్టిక్కర్ ఉంటే కాపలాదారు ఆపకుండా లోపలికి పంపిస్తాడు. లోపల కూర్చున్నది ఎవరని అడగడు. అదే మనిషి అద్దె ఆటోలో వస్తే ఆపుతాడు.

ప్రచురణ సంస్థ కంప్యూటర్ కూడా ఇలాగే చేస్తుంది. ఇంటర్నెట్‌కు కలిసిన ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక సంఖ్యా చిరునామా ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో అది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుగా కనిపిస్తుంది. ఒక్కో సంఖ్యా 0 నుంచి 255 లోపు ఉంటుంది. విశ్వవిద్యాలయానికి ఇలాంటి చిరునామాలు కొన్ని ఉంటాయి. చందా కట్టేటప్పుడు గ్రంథాలయం ఆ జాబితాను ప్రచురణ సంస్థకు ఇస్తుంది. ఆ చిరునామాల నుంచి ఎవరు అడిగినా తలుపు తెరుచుకుంటుంది. పేరు, పాస్‌వర్డ్ ఏవీ అక్కర్లేదు.

ఇది సులువైన పద్ధతే. అయితే ఇది మనిషిని గుర్తుపట్టదు, చోటును గుర్తుపడుతుంది. ఇంటికి వచ్చిన అక్క కంప్యూటర్‌కు ఇంటి ఇంటర్నెట్ చిరునామా వస్తుంది. అది జాబితాలో లేదు కాబట్టి తలుపు మూసే ఉంటుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. కాలేజీ గ్రంథాలయంలోనే కూర్చుని, ఫోన్‌లో కాలేజీ వైఫై బదులు మొబైల్ డేటా వాడితే అప్పుడూ తలుపు తెరుచుకోదు. కూర్చున్నది కాలేజీలోనే అయినా, ఇంటర్నెట్ లెక్కలో బయట ఉన్నట్టే.

2020 మార్చిలో కరోనా వల్ల కాలేజీలు మూతపడి విద్యార్థులందరూ ఇళ్లకు చేరినప్పుడు ఈ చిక్కు అందరికీ ఒక్కసారే ఎదురైంది. అంతవరకూ ఆవరణలోనే చదవడానికి అలవాటుపడినవాళ్లు కూడా బయటి నుంచి చదివే పద్ధతులు నేర్చుకోవలసి వచ్చింది.

బ్యాంకు నేర్పిన పాఠం

ఇలాంటి చిక్కే ఒకప్పుడు బ్యాంకుల్లోనూ ఉండేది. ఖాతా ఏ శాఖలో ఉంటే అక్కడికే పాస్‌బుక్ పట్టుకుని వెళ్లాలి. బదిలీ అయితే ఖాతాను కొత్త ఊరికి మార్చుకోవాలి. మీ తాతగారిని అడిగితే ఆ తిప్పలు చెబుతారు. శాఖలన్నిటినీ ఒకే కంప్యూటర్ వ్యవస్థతో కలిపాక ఖాతాదారు ఏ ఊళ్లో ఉన్నా తన డబ్బు తాను తీసుకోగలుగుతున్నాడు. బ్యాంకు ఇప్పుడు చూసేది మనం ఏ శాఖలో నిలబడ్డామని కాదు, మనం ఎవరమని.

గ్రంథాలయమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన తెలుగువాళ్లకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరికీ పంపే పడవ గ్రంథాలయం నడిపించారు. ఆనాడు కాలువ చేసిన పనిని ఈనాడు ఇంటర్నెట్ చేస్తుంది. కాకపోతే ఒప్పందం ప్రకారం మనం ఆ సంస్థ సభ్యులమని రుజువు చూపాలి. ఆ రుజువు చూపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటి దారి: వీపీఎన్

మన కంప్యూటర్‌కూ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌కూ మధ్య ఇతరులు తొంగిచూడలేని ఒక సొరంగం వేసినట్టు ఊహించుకోండి. విశ్వవిద్యాలయం ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో మన పేరు, పాస్‌వర్డ్ ఇస్తే సొరంగం తెరుచుకుంటుంది. ఆ తర్వాత మన అభ్యర్థన ముందు విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి చిరునామాతో బయటికి వస్తుంది. ప్రచురణ సంస్థకు మనం ఆవరణలో ఉన్నట్టే కనిపిస్తాం.

ఒక జాగ్రత్త. ఫోన్‌లో ఉచితంగా దొరికే వీపీఎన్ యాప్‌లకూ దీనికీ సంబంధం లేదు. అవి మనల్ని ఎవరో తెలియని సంస్థ నెట్‌వర్క్‌లోకి తీసుకెళతాయి. వాటితో జర్నల్ తెరుచుకోదు సరికదా, మన వివరాలు ఎవరి చేతికి పోతాయో తెలియదు.

రెండో దారి: ప్రాక్సీ

ప్రాక్సీ అంటే మన తరఫున వెళ్లే మధ్యవర్తి. గ్రంథాలయం వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, అక్కడున్న జర్నల్ లింకు నొక్కాలి. గ్రంథాలయం కంప్యూటర్ ఆ వ్యాసాన్ని తాను అడిగి తీసుకుని మనకు అందిస్తుంది. ప్రచురణ సంస్థకు కనిపించేది గ్రంథాలయం చిరునామాయే. 1999లో వచ్చిన ఈజీప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలో ఎన్నో గ్రంథాలయాలు ఇందుకోసం వాడుతున్నాయి. ఈ దారిలో మన కంప్యూటర్‌లో ప్రత్యేకంగా ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు. కానీ ప్రతిసారీ గ్రంథాలయం పేజీ నుంచే బయలుదేరాలి.

మూడో దారి: సంస్థ లాగిన్

మొదటి రెండు దారుల్లోనూ ప్రచురణ సంస్థ చూసేది చిరునామానే. మూడో దారిలో అది నిజంగా మనం ఎవరమని అడుగుతుంది. జర్నల్ వెబ్‌సైట్‌లో మీ సంస్థ ద్వారా లాగిన్ అవ్వండి అన్న అర్థం వచ్చే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే జరిగేది ఇదీ:

1. సంస్థల జాబితా వస్తుంది. మన విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవాలి.
2. వెంటనే మన విశ్వవిద్యాలయం లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. పేరు, పాస్‌వర్డ్ అక్కడే ఇవ్వాలి.
3. విశ్వవిద్యాలయం మనల్ని గుర్తించి, ఈ వ్యక్తి మా సభ్యుడే అని ప్రచురణ సంస్థకు కబురు పంపుతుంది.
4. వ్యాసం తెరుచుకుంటుంది.

మన పాస్‌వర్డ్ ప్రచురణ సంస్థకు చేరదు. దానికి చేరేది విశ్వవిద్యాలయం పూచీ మాత్రమే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఫలానావారి అమ్మాయి అని పెద్దవాళ్లు చెప్పగానే కొత్తవాళ్లు మనల్ని ఆదరిస్తారు కదా, అలాగన్నమాట.

మన దేశంలో ఈ ఏర్పాటును గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇన్ఫెడ్ అనే పేరుతో నడుపుతోంది. అందులో చేరిన విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఇల్లు అండమాన్‌లో ఉన్నా, లేహ్‌లో ఉన్నా తమ జర్నళ్లు చదువుకోవచ్చు.

ఒక దేశం, ఒకే చందా

ఒకప్పుడు ఏ విశ్వవిద్యాలయం చందా అది విడిగా కట్టుకునేది. పెద్ద సంస్థల్లో ఎక్కువ పత్రికలు, చిన్న ఊళ్ల కాలేజీల్లో తక్కువ పత్రికలు ఉండేవి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఒక దేశం ఒకే చందా పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ఇందులో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని 6,300కు పైగా ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో చదివే, పనిచేసే దాదాపు 1.8 కోట్ల మందికి ఇవి అందాలన్నది లక్ష్యం. దీన్ని సమన్వయం చేసేది కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమే.

చందా దేశమంతటికీ ఒకటైనా, చదివేవాళ్లు తమ సంస్థ సభ్యులమని చూపవలసిందే. కాబట్టి కాలేజీలో చేరిన మొదటి వారంలోనే గ్రంథాలయానికి వెళ్లి ఒక ప్రశ్న అడగండి: ఇంటి నుంచి జర్నల్ చదవాలంటే నేను ఏం చేయాలి? లాగిన్ వివరాలు అప్పుడే తీసుకుని, ఆవరణ బయట ఒకసారి వాడి చూడండి. సెలవులకు ఇంటికి చేరాక, ప్రాజెక్టు గడువు నెత్తిమీదికి వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది.

తెరుచుకోకపోతే ఏం చూడాలి?

• సెర్చ్ ఇంజిన్‌లో దొరికిన లింకుతో నేరుగా వెళ్లారా? గ్రంథాలయం పేజీ నుంచి మళ్లీ ప్రయత్నించండి.
• ఆవరణలోనే ఉన్నారా? ఫోన్ కాలేజీ వైఫైలో ఉందో, మొబైల్ డేటాలో ఉందో చూడండి.
• జాబితాలో సరైన సంస్థను ఎంచుకున్నారా? ఒకేలాంటి పేర్లున్న సంస్థలు చాలా ఉంటాయి. అధికారిక పేరుతో వెతకండి.
• ఆ వ్యాసం ఏ సంవత్సరానిది? చందా కొన్ని సంవత్సరాల సంచికలకే వర్తించవచ్చు.
• పాస్‌వర్డ్ గడువు ముగిసిందేమో చూడండి. చదువు పూర్తయి సంస్థను వదిలినవారికి సాధారణంగా ఈ సౌకర్యం ఆగిపోతుంది.

అప్పటికీ తెరుచుకోకపోతే గ్రంథాలయాధికారికి రాయండి. పని చేయడం లేదు అని ఒక్క ముక్క రాస్తే ఆయన ఏమీ చేయలేరు. వ్యాసం పేరు, ఏ దారిలో లాగిన్ అయ్యారు, ఏ సమయంలో, తెర మీద ఏ సందేశం వచ్చింది అన్నవి రాయండి. వీలైతే వ్యాసం డీఓఐ కూడా ఇవ్వండి. డీఓఐ అంటే ఒక్కో వ్యాసానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. అది ఎప్పుడూ 10 అనే అంకెతో, దాని పక్కన చుక్కతో మొదలవుతుంది. వెబ్‌సైట్ మారినా వ్యాసం డీఓఐ మారదు. ఇళ్లు మారే మనకు దాని విలువ తొందరగా అర్థమవుతుంది.

తాళంచెవి ఇచ్చినవారి నమ్మకం

ఈ లాగిన్ మన ఒక్కరికీ ఇచ్చిన తాళంచెవి. స్నేహితుడు అడిగాడని ఇవ్వకూడదు. అడిగింది సొంత తమ్ముడైనా సరే. ఇందుకు కారణం ఉంది. ఎవరైనా ఆ లాగిన్‌తో వందల వ్యాసాలను ఒకేసారి దించుకుంటే ప్రచురణ సంస్థ కంప్యూటర్ దాన్ని దుర్వినియోగంగా భావిస్తుంది. అప్పుడు ఆ ఒక్కరికే కాదు, మొత్తం విశ్వవిద్యాలయానికే తలుపు మూసేయవచ్చు. ఒకరు చేసిన పనికి, మర్నాడు సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన మరొకరు ఇబ్బంది పడతారు. అవసరమైన వ్యాసం ఒక్కొక్కటే తీసుకోండి. మీ పాస్‌వర్డ్ పంపమని మెయిల్ వస్తే జవాబివ్వకండి. నిజమైన గ్రంథాలయం ఎప్పుడూ అలా అడగదు.

ఇంకా బడిలో ఉన్న మన సంగతి?

ఒక దేశం ఒకే చందా పథకంలో పాఠశాలలు లేవు. అయినా మనకు తెరిచి ఉన్న తలుపులు తక్కువేమీ కాదు.

• రెజొనెన్స్: విద్యార్థులు, ఉపాధ్యాయుల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1996 నుంచి ప్రచురిస్తున్న పత్రిక. పాత సంచికలు అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితం. 11, 12 తరగతుల వారికి చాలా వ్యాసాలు అర్థమవుతాయి.
• కరెంట్ సైన్స్: బెంగళూరు నుంచి 1932లో మొదలైన శాస్త్ర పత్రిక. ఇదీ ఉచితంగా చదవవచ్చు.
• నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా: ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన ఈ గ్రంథాలయాన్ని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. బడి పిల్లలకు తగిన పుస్తకాలు, పాఠాలు కూడా ఉన్నాయి.
• శోధ్‌గంగ: మన విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులు రాసిన సిద్ధాంత గ్రంథాల భాండాగారం. తెలుగులో రాసినవి కూడా దొరుకుతాయి.
• ఆర్కైవ్: 1991లో మొదలైంది. భౌతిక, గణిత శాస్త్రవేత్తలు తమ వ్యాసాలను పత్రికలో రాకముందే ఇక్కడ అందరికీ చూపుతారు. నిపుణుల పరిశీలన ఇంకా పూర్తి కానివి కూడా ఉంటాయని గుర్తుంచుకోండి.

చందా పత్రికలో వచ్చిన వ్యాసమే కావాలంటే ముందు దాని పేరుతో వెతకండి. రచయిత తన ప్రతిని తన సంస్థ వెబ్‌సైట్‌లో ఉంచి ఉండవచ్చు. లేకపోతే వ్యాసం మీద ఉన్న రచయిత ఈమెయిల్‌కు మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి: మీ పేరు, తరగతి, ఏ ప్రాజెక్టు కోసం కావాలి, ఒక ప్రతి పంపగలరా అని. తమ వ్యాసాన్ని ఒక బడి విద్యార్థి చదవాలనుకుంటే సంతోషించే శాస్త్రవేత్తలు చాలామంది ఉన్నారు. మన పాఠశాల లైబ్రేరియన్ గారిని అడిగితే వెతకడంలో సాయం చేస్తారు.

ఇందాకటి రామన్ గారి కథలో ఒక సంగతి మిగిలింది. రెజొనెన్స్‌ను నడుపుతున్న ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను 1934లో స్థాపించింది ఆయనే. రంగూన్‌కూ నాగపూర్‌కూ బదిలీ అయిన ఆ ఉద్యోగి పెట్టిన సంస్థ పత్రికను ఇవాళ బదిలీ ఉద్యోగుల పిల్లలు ఏ ఊళ్లో ఉన్నా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. ఈ వారం ఒక వ్యాసం తెరిచి చూడండి.

ఆలోచించండి – చేయండి

1. కాలేజీ ఆవరణలో మొబైల్ డేటా వాడేవారికి జర్నల్ ఎందుకు తెరుచుకోదు? మీ మాటల్లో రాయండి.
2. మూడు దారుల్లో ప్రచురణ సంస్థ నిజంగా మనిషిని గుర్తించేది ఏది? మిగతా రెండింటికీ దానికీ తేడా ఏమిటి?
3. ఊరు మారినా మీ కుటుంబంతో పాటు వచ్చే సౌకర్యాలు ఏవి? ఊళ్లోనే ఉండిపోయేవి ఏవి? రెండు జాబితాలు రాసి, ఎందుకలా ఉన్నాయో ఇంట్లో చర్చించండి.
4. రెజొనెన్స్ పాత సంచికల్లో మీకు నచ్చిన ఒక వ్యాసం ఎంచుకుని, దాని డీఓఐ గుర్తించి, సారాంశాన్ని తెలుగులో పది వాక్యాల్లో రాయండి.
5. మీకు కావలసిన వ్యాసం ప్రతి కోరుతూ రచయితకు రాయవలసిన ఈమెయిల్ నమూనా తయారుచేసి, మీ ఉపాధ్యాయులకు చూపించండి.